అడవిస్నానమూ ఆడవాళ్ళ నెత్తురూ

అడవిస్నానం అనే మాట వినగానే ఇదేదో తరతరాల జపాన్ జ్ఞానమనుకుంటాం. పుస్తకాల అట్టల మీద అలాగే రాస్తున్నారు కూడా. నిజానికి ఈ మాట వయసు నా వయసుకంటే తక్కువ. 1982లో జపాన్ అటవీ శాఖ అధిపతి తోమోహిదె అకియామా 'షిన్‌రిన్-యోకు' అనే పదాన్ని తయారుచేశాడు. షిన్‌రిన్ అంటే అడవి, యోకు అంటే స్నానం. ఎండలో పడుకుంటే సూర్యస్నానం అన్నట్టే ఇదీ. నీళ్ళుండవు, సబ్బుండదు. చెట్ల మధ్య మెల్లగా నడవడం, కూర్చోవడం, వాసన పీల్చడం, వినడం. ఫలానా చోటికి చేరాలని వుండదు. వ్యాయామం అంతకంటే కాదు.

ఒక ప్రభుత్వ శాఖకి హఠాత్తుగా జనం మనశ్శాంతి మీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టింది? చరిత్ర పాఠం చెప్పి బతికినదాన్ని కాబట్టి నాకు మొదట వచ్చిన అనుమానం ఇదే. 1964లో కలప దిగుమతులకి తలుపులు బార్లా తెరిచాక విదేశీ దుంగలు చవగ్గా వచ్చిపడ్డాయి. 1970ల నడుమ నుంచి ప్రభుత్వ అడవుల పద్దు నష్టాల్లో నడిచింది. నరికి అమ్మడం గిట్టుబాటు కానప్పుడు నిలబడివున్న చెట్టుకి ఒక ఉపయోగం చూపించాలి కదా. మరోవైపు అదే 1982లో ముగ్గురు వైద్యులు 'కరోషి' అనే పేరుతో పుస్తకం వేశారు. పని భారంతో చచ్చిపోవడం అని ఆ మాటకి అర్థం. ఆ చావుల లెక్కలోకి ఎక్కింది ఎక్కువగా మగ ఉద్యోగులే. పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరిగింది వాళ్ళ భార్యలు. ఆఫీసు పనీ ఇంటి పనీ కలిసి మింగేసిన ఆడవాళ్ళ అలసటకి మాత్రం ఆ రోజుల్లో ప్రత్యేకంగా పేరు పెట్టినవాళ్ళు లేరు.

దేశం మొత్తానికీ మొదటి అడవిస్నాన సమావేశం 1982లోనే కిసో లోయలోని అకసావా అడవిలో జరిగింది. అక్కడి హినోకి చెట్లకి మూడువందల ఏళ్ళ వయసు. ఆ చెట్లు అన్నేళ్ళు ఎలా నిలిచాయన్నది ప్రశాంతంగా చెప్పుకునే కథ కాదు. కోటల కోసం, పట్టణాల కోసం పదిహేడో శతాబ్దంలో కిసో కొండల్ని బోడి చేసేశాక, ఓవారి ప్రభువులు 1665లో అడవుల్ని మూసేయడం మొదలుపెట్టారు. 1708 నాటికి హినోకితో సహా నాలుగు రకాల చెట్లని నరకకూడదన్నారు, తర్వాత అయిదోది కూడా చేరింది. 'ఒక చెట్టుకి ఒక తల' అని ఆ లోయలో సామెత. చెట్టు కొట్టినవాడి తల తెగుతుందని. రాజ్యం మారినా ఊరివాళ్ళకి అడవి దక్కలేదు. మెయిజి ప్రభుత్వం దాన్ని సర్కారుదంది, 1889లో చక్రవర్తి సొంత ఆస్తిగా రాసుకుంది. ఊరి హక్కుల కోసం అర్జీలు పెట్టి, వున్న పదవి పోగొట్టుకుని, చివరికి మతి చలించి 1886లో నిర్బంధంలో చనిపోయిన ఒక గ్రామపెద్ద కథని ఆయన కొడుకు షిమజాకి తోసోన్ 'యోఆకె మాయె' నవలగా రాశాడు. దుంగలు మోసిన రైలుబండి 1975లో ఆగిపోయింది. 1987లో అక్కడ యాత్రికుల బండి నడిపారు. ఈనాడు అక్కడ మనుషులు కళ్ళు మూసుకుని పీల్చుకునే నిశ్శబ్దం తనంత తాను పుట్టింది కాదు, కాపలా పెట్టి పెంచింది.

సామాన్యులందరికీ కాపలా ఒకటే. ఆడవాళ్ళకి ఇంకోటి కూడా వుండేది. జపాన్‌లో ఎన్నో పవిత్ర పర్వతాలకి 'న్యోనిన్ కిన్‌సెయి', అంటే స్త్రీ నిషేధం వుండేది. అంతవరకే మీరు రావచ్చు అని ఒక హద్దు రాయి, దాని దగ్గర ఆడవాళ్ళు ఆగి మొక్కుకోవడానికి ఒక గుడి. దాన్ని న్యోనిన్‌దో, స్త్రీల మందిరం, అంటారు. అకసావా వున్న కిసోలోనే ఒంతాకె పర్వతం మీద అలాంటిది ఒకటి వుంది. శిఖరం కనిపిస్తూనే వుంటుంది, వెళ్ళకూడదు. సన్యాసుల బ్రహ్మచర్యం ఒక కారణమైతే, నెత్తురు రెండోది. ముట్టు రక్తం, పురిటి రక్తం నేలనీ నీళ్ళనీ మైలపరుస్తాయని, అందుకు ఆడవాళ్ళు చచ్చాక నెత్తుటి మడుగు నరకంలో పడతారని చెప్పే ఒక సూత్రగ్రంథం, కెత్సుబొన్‌క్యో, శతాబ్దాల పాటు ఆ దేశంలో ప్రచారమైంది. మైల అంటే ఏమిటో మనకి విడమర్చి చెప్పక్కర్లేదు. మన భాషలో స్నానమన్న మాట ఆడపిల్ల చెవిలో మొదట పడేదే మైల తీరే స్నానంగా.

1872లో ప్రభుత్వం ఈ నిషేధాన్ని ఎత్తేసింది. స్త్రీల మీద గౌరవం పొంగి కాదు. ఆ ఏడు క్యోటోలో పెద్ద ప్రదర్శన పెట్టారు. విదేశీ అతిథులు భార్యలతో సహా వస్తారు, పక్కనే వున్న హియెయి కొండకి వాళ్ళని రానివ్వకపోతే పరువు పోతుందని భయం. దొరసానుల పుణ్యమా అని జపాన్ స్త్రీలకి కొండ తెరుచుకుంది! అదైనా అన్ని చోట్లా కాదు. నారా ప్రాంతంలోని ఓమినె పర్వతం, సాంజోగాతాకె శిఖరం దారిలో స్త్రీలకి ప్రవేశం లేదన్న ద్వారం నేటికీ నిలబడేవుంది. 2004లో యునెస్కో ఆ కొండలున్న కీయి యాత్రామార్గాలని ప్రపంచ వారసత్వంగా గుర్తించినప్పుడు కూడా ఆ బోర్డు కదల్లేదు.

రావద్దన్న అడవికి ఆడవాళ్ళు కూలికి మాత్రం వెళ్ళారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ కొండల మీద సుగి, హినోకి మొక్కలు కోట్లకొద్దీ నాటారు. ఇప్పుడు ఆ దేశపు అడవుల్లో దాదాపు నలభై శాతం అలా నాటినవే. నారుమళ్ళు పెంచడం, నాటడం, కలుపు తీయడం, వీటిల్లో ఆడకూలీల చేతులు ఎన్నో. (ఆ సుగి చెట్ల పుప్పొడికే ఇవాళ వసంతకాలమంతా జపాన్ తుమ్ముతూ వుంటుంది. అది వేరే కథ.) అడవిలో నిశ్శబ్దంగా కూర్చోవడం గురించి రాసే పుస్తకాల్లో ఈ నడుము నొప్పులు నాకెక్కడా కనిపించలేదు.

ఇక శాస్త్రం. దేశంలోని 24 అడవుల్లో చేసిన ప్రయోగాల ఫలితాలు 2010లో వచ్చాయి. అడవిలో కాసేపు నడిచి, కూర్చున్నవాళ్ళలో కార్టిసాల్, నాడి వేగం, రక్తపోటు నగరంలో వున్నప్పటికంటే తక్కువగా వున్నాయని తేలింది. పాల్గొన్నవాళ్ళు 280 మంది, అందరూ యూనివర్సిటీ మగపిల్లలే. టోక్యో వైద్యుడు చింగ్ లీ బృందం 2005లో మూడు పెద్ద కంపెనీల నుంచి 12 మంది ఉద్యోగుల్ని మూడు రోజులు అడవికి తీసుకెళ్ళి, వాళ్ళ రక్తంలో వైరస్ సోకిన కణాల్ని, కణితి కణాల్ని చంపే తెల్లకణాల చురుకుదనం పెరిగిందని చూపించింది. వాళ్ళూ మగవాళ్ళే.

స్త్రీల వంతు 2008లో అచ్చయిన అధ్యయనంలో వచ్చింది. 13 మంది నర్సులు, 25 నుంచి 43 ఏళ్ళ వయసువాళ్ళు. మూడు పగళ్ళు, రెండు రాత్రులు. మొదటి రోజు రెండు గంటల నడక, రెండో రోజు పొద్దునా మధ్యాహ్నమూ రెండేసి గంటలు. రక్తం తీసి చూస్తే తెల్లకణాల చురుకు పెరిగింది, అది వారం రోజులు దాటినా నిలిచింది. ఋతుచక్రం ప్రభావం కలిసిపోకుండా ఈస్ట్రడయోల్, ప్రొజెస్టిరోన్ కూడా కొలిచారు. ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఏ నెత్తురు పేరు చెప్పి కొండ హద్దురాయి దగ్గర ఆపేశారో, అదే నెత్తుర్ని అడవిలో సూదితో తీసుకుని విలువైన సమాచారంగా రాసుకున్నారు.

అయితే పదమూడు మందితో లోకానికి మందు దొరికిందనుకోలేం. అడవి క్యాన్సర్ నయం చేస్తుందని చెప్పేవాళ్ళని నమ్మకండి. నాకు ఇంకో సందేహం కూడా వుంది. మగవాళ్ళని విడిగా నగరయాత్రకి కూడా తీసుకెళ్ళి పోల్చారు. నర్సుల విషయంలో ఆ పోలిక లేదు. రాత్రి డ్యూటీ లేకుండా, వంట లేకుండా, ఎవరూ పిలవకుండా గడిచిన ఆ మూడు రోజుల్లో వాళ్ళకి మేలు చేసింది చెట్లా, లేక సెలవా?

బీపీ వచ్చాక మా డాక్టరమ్మ నన్ను చెట్ల కింద మెల్లగా తిరగమంది. పుస్తకం చెప్పిన నియమాలు చూసుకున్నాను: ఒంటరిగా వెళ్ళాలి, ఫోన్ పక్కన పెట్టాలి, గమ్యం లేకుండా తిరగాలి, ఎక్కడో ఒకచోట ఊరికే కూర్చోవాలి. పుట్టినప్పటి నుంచి మాకు చెయ్యొద్దని చెప్పిన పనులన్నీ వరసగా వున్నాయి. ఊరి చివర చిన్న అడవి వుంది. రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ కాపలా మనిషి "ఒక్కరే వచ్చారా మేడం?" అని అడిగాడు. మూడోసారి పాపం మంచితనంతోనే, నాకు కొంచెం దూరంలో నిలబడ్డాడు. నేను చూడాల్సింది ఆకుల్ని. చూస్తున్నది మాత్రం అతను ఏ పక్కకి తిరిగాడా అని. వెన్ను బిగుసుకుపోయింది. శ్వాస మీద ధ్యాస పెట్టమంటే ఎలా పెట్టేది?

ఇప్పుడు నలుగురం కలిసి వెళ్తున్నాం. బీపీ మాత్ర మానలేదు. ఒకరికొకరు కనపడేంత దూరంలో, మాట వినపడనంత దూరంలో కూర్చుంటాం. ఇరవై నిమిషాలు. ఒకరి దగ్గర ఫోన్ వుంటుంది, ఆవిడ ఆ పూటకి కాపలా, వారం వారం వంతు మారుతుంది. తక్కిన ముగ్గురం దేనికీ కాపలా కాయక్కర్లేదు. మాలో ఒకావిడ రిటైరైన నర్సు. ఆవిడ మొదటి రోజే వేపచెట్టు మొదట్లో చేరగిలబడి పది నిమిషాల్లో నిద్రపోయింది. ఇరవై నిమిషాలయ్యాక కూడా మేం లేపలేదు.