కతర్‌గామ్ గోరీలు, ఆంగ్ల నుడికారములు

సూరత్ నగరమున కతర్‌గామ్ దర్వాజా సమీపమున ఆంగ్లేయుల శ్మశానవాటిక యొకటి, డచ్చివారిది యొకటి కలవు. ఆంగ్లేయ వర్తకస్థానమునకు అధ్యక్షుడై 1669లో మరణించిన జార్జి ఆక్సెండెన్ గోరీ మొదటిదానిలో నున్నది. 1691లో మరణించిన హెండ్రిక్ వాన్ రీడ్ గోరీ రెండవదానిలో. ఆక్సెండెన్ కట్టడమును మించవలెననియే డచ్చివారు దీనిని నిర్మించిరని చెప్పుదురు. వర్తకములోని పోటీ సమాధుల దాక వచ్చినది.

1652 మొదలు 1674 వరకు ఈ రెండు జాతులును మూడుమార్లు యుద్ధము చేసినవి. యుద్ధములు ముగిసినను ఈసడింపు ఆంగ్లభాషలో మిగిలిపోయినది. త్రాగినవాని తెగువకు 'డచ్ కరేజ్' అని పేరు. అర్థముకాని పలుకులు 'డబుల్ డచ్'. ఎవరి భోజనమునకు వారే సొమ్ము చెల్లించు విందు—అది విందే యైనచో—'డచ్ ట్రీట్'. ఇవన్నియు ఆ యుద్ధకాలముననే పుట్టినవనరాదు. మొదటి రెండును విరివిగా వాడుకకు వచ్చినది 19వ శతాబ్దిలో. మూడవది అమెరికాలో పుట్టినది, అచ్చట జర్మనులను సైతము డచ్చివారనుట కలదు.

'డబుల్ డచ్' అను మాట మాత్రము వాన్ రీడ్ గోరీ చెంత మిక్కిలి అన్యాయముగ తోచును. మలబారులో డచ్చి అధికారిగా నున్నప్పుడు అతడు ఆ సీమ మొక్కలను గూర్చి సమకూర్పించిన 'హోర్టస్ మలబారికస్' 12 సంపుటముల గ్రంథము. అందలి చిత్రములపై మొక్కల పేర్లు మలయాళ లిపిలోను చెక్కబడినవి. కొల్లాట్టు ఇట్టి అచ్యుతన్ అను వైద్యుడు ఓషధుల గుణములను చెప్పగా వ్రాయించుకొనిరి. 1678లో వెలువడిన మొదటి సంపుటములో ఆ వైద్యుని సాక్ష్యపత్రము అతని లిపిలోనే అచ్చయినది.