అసలు ఊరు ఏది?

రైల్లో ఎదురు సీటాయన ముందు పేరు అడుగుతాడు. చెబుతాం. తర్వాత ఊరు అడుగుతాడు. పాలకొల్లు అంటాం. 'అది సరేనండి, అసలు ఊరు?' అంటాడు. అసలు ఊరూ పాలకొల్లేనండి, ఆయ్, అన్నా ఆయనకు తృప్తి ఉండదు. మా నోట్లో గోదావరి యాస ఎంత ఉందో వినబడుతూనే ఉంటుంది. కానీ సాయిబు పేరు విన్నాక ఇక ఆ చెవి పనిచెయ్యదు.

తమాషా ఏమిటంటే, ఆయన వాడిన 'అసలు' అన్న మాట అరబ్బీ నుంచి వచ్చింది. మాట మాత్రం ఎప్పుడో తెలుగైపోయింది. దాన్ని ఎవరూ అసలు ఊరు అడగరు. మమ్మల్నే అడుగుతారు.

2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు, దాని వెనకే పౌరుల జాబితా కూడా వస్తుందన్న భయం పుట్టినప్పుడు, ఎన్నో ముస్లిం ఇళ్లలో లాగే మా ఇంట్లోనూ అటక మీది ట్రంకు పెట్టె కిందికి దిగింది. అందులో రెండు కాగితాలు దొరికాయి. ఒకటి ఉర్దూలో రాసిన షజరా. మా ఖాందాన్ బాగ్దాదు నుంచి బయలుదేరినట్టు అందమైన అక్షరాల్లో ఉంది. రెండోది తెలుగులో రాసిన పాత దస్తావేజు. పన్నెండు సెంట్ల దొడ్డి కొన్న కాగితం. అందులో మా ముత్తాత పేరు ముందు 'దూదేకుల' అని ఉంది.

మా దాదీని అడిగాం, ఈ షజరా ఎవరు రాశారని. ఆమె నవ్వింది. 'మీ దాదా రాయించాడు బేటా. మీ ఫుప్పూ సంబంధానికి వచ్చినోళ్లు ఖాందాన్ ఏమిటని అడిగారు. ఆయన మున్షీ దగ్గరికెళ్లి రాయించుకొచ్చాడు' అంది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మా గౌరవం కోసం రాయించుకున్న కాగితం మమ్మల్ని పరాయివాళ్లని చేస్తోంది. మేం సిగ్గుపడి దాచుకున్న కాగితం మమ్మల్ని ఈ ఊరివాళ్లని చేస్తోంది. 'మీరు బయటినుంచి వచ్చారు' అని మమ్మల్ని తిట్టేవాడూ, 'మేం అరబ్బు నుంచి వచ్చాం' అని మీసం మెలేసే మావాడూ చెప్పేది ఒకే అబద్ధం కాదా?

వలస మాట వచ్చింది కాబట్టి మొదటినుంచీ చూద్దాం. మనందరి మొదటి ఊరు ఆఫ్రికా. ఇవాళ ఆఫ్రికా బయట ఉన్న జనం దాదాపు అంతా సుమారు 60, 70 వేల ఏళ్ల కిందట అక్కణ్నుంచి కదిలిన గుంపుల సంతతే. మన పాత కర్నూలు జిల్లాలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో, జ్వాలాపురం అనే ఊరుంది. సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం దాదాపు 74 వేల ఏళ్ల కిందట కక్కిన బూడిద అక్కడ పొరగా కనబడుతుంది. ఆ పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని 2007లో పరిశోధకులు ప్రకటించారు. వాటిని చేసినవాళ్లు మనలాంటి మనుషులేనా అన్న చర్చ తెగలేదు. ఎవరైనా సరే, వాళ్లకు తెలుగు లేదు, సంస్కృతం లేదు, అరబ్బీ లేదు.

హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్‌లు, అమెరికాలోని డేవిడ్ రైక్ బృందంతో కలిసి 2009లో ఒక పరిశోధన ప్రచురించారు. దేశంలోని 25 సమూహాల నుంచి 132 మంది జన్యువులు పరిశీలించారు. ప్రధానంగా రెండు ప్రాచీన జనాల కలయిక మనం అని తేల్చారు. ఒకరు పశ్చిమాసియా, మధ్య ఆసియా, యూరప్ జనాలకు దగ్గరివాళ్లు. రెండోవాళ్లు ఈ ఉపఖండంలోనే ఎంతోకాలంగా ఉన్నవాళ్లు. పాళ్లు మారతాయి గానీ పైకులమైనా కింది కులమైనా ఈ కలయిక తప్పలేదు. 2019లో వచ్చిన పరిశోధనలు ఇంకో అడుగు ముందుకేశాయి. హర్యానాలోని రాఖీగఢీలో సమాధి చేసిన హరప్పా కాలపు స్త్రీ జన్యువుల్లో మధ్య ఆసియా పచ్చికబయళ్ల పశుపాలకుల ఛాయ లేదు. ఆ జనం క్రీస్తు పూర్వం 2000-1500 మధ్య ఇటు వచ్చారని ఆ పరిశోధనలు చెప్పాయి.

ఇది విని మాలో కొందరు, మా బహుజన మిత్రుల్లో కొందరు, 'చూశారా, అసలు బయటివాళ్లు మీరే' అని అగ్రకులాల వైపు వేలు చూపిస్తారు. ఆ సంబరం మాకు వద్దు. మూడున్నర వేల ఏళ్ల కిందట వచ్చినవాణ్ని పొమ్మంటే, ఏడువందల ఏళ్ల కిందట వచ్చినవాణ్ని పొమ్మనేవాడికి మనమే దారి చూపించినట్టు.

మరి ముస్లింలో? 2010లో సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న ఇంకో పరిశోధన దేశంలోని ఆరు ముస్లిం సమూహాలను చూసింది. వాళ్ల జన్యువుల్లో ఎక్కువ భాగం చుట్టుపక్కల ముస్లిమేతరుల నుంచే వచ్చిందనీ, బయటి పాలు కొద్దిగానే ఉందనీ, ఆ కొద్దీ కూడా ముఖ్యంగా ఇరాన్, మధ్య ఆసియాల వైపు నుంచేననీ చెప్పింది. గోదావరి ముస్లింలు ఆ ఆరింటిలో లేరు. అయినా మా దస్తావేజు చెప్పేదీ దాదాపు అదే.

బయటినుంచి ఎవరూ రాలేదని మేం అనడం లేదు. రాజమండ్రి మసీదు మీది పారశీక శాసనం 1324 నాటిది. గోల్కొండ నవాబుల కాలంలో మచిలీపట్నం రేవుకు పారశీక వర్తకులు వచ్చారు. ఇస్ఫహాన్ ప్రాంతం నుంచి వచ్చిన మీర్ జుమ్లా గోల్కొండలో మంత్రి స్థాయికి ఎదిగాడు. వాళ్లలో కొందరు ఉండిపోయారు. ఇక్కడి ఆడపిల్లల్ని చేసుకున్నారు. అంతకంటే ఎంతో ఎక్కువమంది ఇక్కడే దూది ఏకుతూ, మగ్గం నేస్తూ, పొలం దున్నుతూ కలిమా చదివినవాళ్లు.

పాలకొల్లులోనే ఇంకో వలస గుర్తుంది. డచ్చివాళ్లు 1613లో ఇక్కడ బట్టల వ్యాపారానికి స్థావరం పెట్టారు. 1824 ఒప్పందంతో ఇక్కడి తమ స్థావరాలను ఇంగ్లీషువాళ్లకు వదిలేశారు. వాళ్ల సమాధులు మిగిలాయి. సరుకు కోసం వచ్చినవాడు సరుకుతో పోయాడు. క్షీరారామం గోపురం నీడలో పుట్టి, ఈ కాలవ నీళ్లు తాగి, ఈ మట్టిలోనే కప్పబడే మేం, వాళ్లూ ఒకటేనా?

మన తెలుగువాళ్లకు బయటివాడు అనిపించుకోవడం ఎలా ఉంటుందో తెలియక కాదు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి బర్మా వెళ్లిన వాళ్లను అక్కడ 'కోరంగీలు' అన్నారు. 1930లో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు అడవులు పట్టి నడిచొచ్చారు. 1960లలో మిగిలినవాళ్లు కట్టుబట్టలతో తిరిగొచ్చారు. రెండు మూడు తరాలుగా అక్కడే పుట్టినవాళ్లను కూడా అక్కడ అడిగిన ప్రశ్న ఇదే: మీ అసలు ఊరేది?

ఇక మన ఇంటి సంగతి. 2013లో సీసీఎంబీ, అమెరికా శాస్త్రవేత్తలే ఇంకో విషయం చెప్పారు. సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా ఈ దేశంలో జనం విస్తారంగా కలిశారు. తర్వాత ఆ కలవడం తగ్గిపోయింది. కులం గోడలు లేచాయి. ఇస్లాం ఆ గోడలు కూల్చమంది. మేం కూల్చామా? సయ్యదు ఇంటి పిల్లను దూదేకుల ఇంటికి ఇచ్చామా? మా దాదా షజరా ఎందుకు రాయించాల్సి వచ్చింది? మా పెళ్లి సంబంధాల్లోనూ కులం అడిగారు కనకనే గదా! 2007 చట్టం వెనకబడిన ముస్లిం సమూహాలకు నాలుగు శాతం రిజర్వేషన్ ఇస్తూ, సయ్యదులు, మొఘలులు, పఠాన్ల వంటివాళ్లను పక్కన పెట్టింది. దూదేకులవాళ్లు అంతకుముందే బీసీల్లో ఉన్నారు. ప్రభుత్వానికి తెలిసిన తేడాను మేం మాత్రం 'ముస్లింలంతా ఒక్కటే' అన్న మాట కింద దాచిపెడతాం. బయటివాడి ముందు మేం ఇక్కడివాళ్లమే అని వాదించే మేం, లోపల మాత్రం ఎవరు ఎంత దూరం నుంచి వచ్చారో చూసి పెద్దపీట వేస్తున్నాం.

అందుకే మేం అడుగుతున్నది నెత్తురు పరీక్ష చేసి మా స్వచ్ఛత తేల్చమని కాదు. జన్యువులు పౌరసత్వ పత్రాలు కావు. రేపు ఒక సాయిబు జన్యువుల్లో సగం ఇరానువే అని తేలినా అతను పాలకొల్లువాడే. మనిషి ఎక్కడ పుట్టాడు, ఎక్కడ చెమటోడ్చాడు, ఎవరి చావుకు ఏడ్చాడు అన్నదే ఊరంటే.

ఆ రెండు కాగితాలనూ మేం తిరిగి పెట్టెలో పెట్టాం. కానీ ఈసారి దస్తావేజును పైన పెట్టాం. పిల్లలకు చదివి వినిపించాం. మా చిన్నది అడిగింది, 'అబ్బా, దూదేకుల అంటే ఏమిటి?' అని. దూది ఏకేవాళ్లమ్మా, ఊరందరి పరుపులూ వాళ్ల చేతి మీదే మెత్తబడేవి అని చెప్పాం. ఆ మాట మా నాన్న మాకు చెప్పి ఉండాల్సింది.