ట్రయటోమైన్ నల్లులు: జాతుల గుర్తింపు

ట్రయటోమైన్ నల్లులు హెమిప్టెరా క్రమంలోని రెడువియిడే కుటుంబంలో ట్రయటోమినే అనే ఉపకుటుంబానికి చెందిన రక్తాహార కీటకాలు. ఈ కుటుంబంలోని మిగతా నల్లులు చాలా వరకు ఇతర పురుగులను వేటాడి, వాటి శరీరంలోకి లాలాజలం ఎక్కించి, కరిగిన కణజాలాన్ని పీల్చుకుంటాయి. ట్రయటోమైన్లు మాత్రం ప్రధానంగా పక్షుల, క్షీరదాల నెత్తురు మీద బతుకుతాయి. ఈ ఉపకుటుంబంలో 150కి పైగా జాతులు ఉండగా, వాటిలో అత్యధికం అమెరికా ఖండాలకే పరిమితం. ట్రిపనోసోమా క్రూజీ అనే ఏకకణ పరాన్నజీవిని ఇవి మనుషులకు చేరవేస్తాయని బ్రెజిల్ వైద్యుడు కార్లోస్ చాగస్ 1909లో ప్రకటించినప్పటి నుంచి, ఏ నల్లి ఏ జాతికి చెందినదో తేల్చడం ప్రజారోగ్యానికి సంబంధించిన పని అయింది.

వేట నల్లులతో తేడా

రెడువియిడే కుటుంబంలో ఆహారపు అలవాటును తుండం, అంటే పొడిచి పీల్చే ముక్కు, చాలా వరకు చెప్పేస్తుంది. వేటాడే నల్లుల తుండం పొట్టిగా, లావుగా, విల్లులా వంగి ఉంటే, ట్రయటోమైన్ల తుండం మూడు ఖండాలతో సన్నగా, నిటారుగా ఉండి, విశ్రాంతి సమయంలో తల అడుగుభాగానికి సమాంతరంగా మడుచుకుని ఉంటుంది. చెట్ల రసం పీల్చే నల్లుల తుండంలో సాధారణంగా నాలుగు ఖండాలు ఉంటాయి కనుక వాటినీ దీనితోనే వేరు చేయవచ్చు.

ప్రజాతి స్థాయి లక్షణాలు

ముఖ్యమైన మూడు ప్రజాతులను వేరు చేయడానికి స్పర్శశృంగాలు తలపై ఎక్కడ మొలిచాయో చూస్తే చాలు. భూతద్దం కింద నల్లిని పక్క నుంచి పరిశీలించినప్పుడు, పొడవైన సన్నని తల చివర, దాదాపు ముట్టె కొన వద్దే స్పర్శశృంగాలు మొలిచి ఉంటే అది రోడ్నియస్. కంటికీ తల కొనకూ ఇంచుమించు నడుమ మొలిచి ఉంటే ట్రయటోమా. తల పొట్టిగా, దిట్టంగా ఉండి, స్పర్శశృంగాలు కంటిని ఆనుకున్నట్టు మొలిచి ఉంటే పాన్‌స్ట్రాంజైలస్. ఈ లక్షణం రంగుతో గానీ, పరిమాణంతో గానీ, నల్లి కడుపు నిండా తాగిందా లేదా అన్నదానితో గానీ సంబంధం లేనిది కావడమే దాని బలం.

జాతి స్థాయి లక్షణాలు

ఒకే ప్రజాతిలోని జాతులను విడదీసేటప్పుడు మెడ వెనుక ఉన్న తొలి ఉరఖండపు పైపలక, కాళ్ల రంగు, రోమాల సాంద్రత, ఉదరం ఇరువైపులా రెక్కల బయటకు కనిపించే చదునైన అంచు పట్టీ ప్రధానంగా పనికొస్తాయి. ఈ పట్టీని కనెక్సివం అంటారు. అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణ ప్రాంతంలో కనిపించే ట్రయటోమా జాతులు ఇందుకు మంచి ఉదాహరణ. ట్రయటోమా సాంగ్విసూగాలో పైపలక అంచులు, ముందు రెక్కల మచ్చలు, కనెక్సివం అడ్డపట్టీలు నారింజ-ఎరుపు రంగులో ఉంటాయి. ట్రయటోమా గెర్‌స్టెకెరిలో తల, పైపలక పూర్తిగా నల్లగా ఉండి, కనెక్సివం అంచున మాత్రమే పసుపు-నారింజ చార కనిపిస్తుంది. ట్రయటోమా లెక్టిక్యులేరియా ఒంటి నిండా దట్టమైన రోమాలతో ఉండగా, ట్రయటోమా ప్రొట్రాక్టా పరిమాణంలో చిన్నదిగా, దాదాపు మొత్తం ఒకే ముదురు రంగులో ఉంటుంది.

రంగు మోసం చేసే సందర్భాలు

రంగు ఆధారంగా చేసిన విభజన ప్రతిసారీ నిలబడలేదు. ఉత్తర పెరూలో ఇళ్లలో ఉండే పాన్‌స్ట్రాంజైలస్ హెరెరీని, అమెజాన్ అడవుల్లో ఉండే పాన్‌స్ట్రాంజైలస్ లిగ్నేరియస్‌ను చాలాకాలం వేర్వేరు జాతులుగా లెక్కించారు; వాటి మధ్య కనిపించేది ముఖ్యంగా రంగు తేడాయేననీ, రెండూ ఒకే జాతి అనీ జన్యు పరిశీలనలో తేలింది. ఇందుకు విరుద్ధమైన చిక్కు రోడ్నియస్ ప్రోలిక్సస్, రోడ్నియస్ రోబస్టస్ విషయంలో ఎదురవుతుంది. పైకి దాదాపు ఒకేలా కనిపించే ఈ రెండింటిలో మొదటిది ఇళ్లకు అలవాటుపడి, ట్రిపనోసోమా క్రూజీ వల్ల వచ్చే వ్యాధిని విస్తృతంగా వ్యాపింపజేసేది కాగా, రెండోది ప్రధానంగా అమెజాన్ తాటిజాతి చెట్ల మట్టల్లో ఉండేది. మగ నల్లి జననాంగాలను విడదీసి చూడడం, పిల్లపురుగుల ఐదో దశ లక్షణాలను పోల్చడం కొంతవరకు తోడ్పడినా, మైటోకాండ్రియా డీఎన్‌ఏ పరీక్షే అంతిమంగా ఆధారమైంది. ఆ పరీక్షల్లో రోబస్టస్ అన్న పేరు కింద ఒకటి కాక అనేక వంశాలు ఉన్నాయని కూడా వెల్లడైంది. అలాగే ట్రయటోమా డిమిడియేటా అనే ఒకే పేరుతో చెలామణీ అయిన నల్లుల్లోంచి 2018లో ట్రయటోమా మోపాన్‌ను, 2019లో ట్రయటోమా హ్యూహ్యూటెనాంగ్వెన్సిస్‌ను కొత్త జాతులుగా వేరు చేశారు.

పిల్లపురుగుల గుర్తింపు ఇంకా కష్టం. గుడ్డు నుంచి వచ్చాక ఐదు దశలు దాటే వరకు వాటికి పూర్తి రెక్కలు గానీ, సంయుక్త నేత్రాల వెనుక ఉండే రెండు సరళ నేత్రాలు గానీ ఏర్పడవు. హెర్మన్ లెంట్, పెట్ర్ విగోడ్జిన్‌స్కీ 1979లో వెలువరించిన ప్రామాణిక సమీక్షలోని గుర్తింపు సూచికలు ప్రౌఢ కీటకాలపైనే ప్రధానంగా ఆధారపడతాయి.

భారతదేశంలో

భారతదేశంలో రెండు ప్రజాతులు ఉన్నాయి. ఓడల్లోని ఎలుకల వెంట ప్రపంచపు ఉష్ణమండల రేవులకు వ్యాపించిన ట్రయటోమా రూబ్రోఫాసియాటా ముదురు గోధుమ రంగులో ఉండి, పైపలక, ముందు రెక్కలు, కనెక్సివం అంచుల వెంట ఎర్రని చారలు కలిగి ఉంటుంది. భారతదేశంలో తప్ప మరెక్కడా లేని లింష్‌కోస్టియస్ ప్రజాతిని కనిపెట్టడానికి అడుగువైపు చూడాలి. రెడువియిడే నల్లుల్లో సాధారణంగా తొలి ఉరఖండం అడుగున అడ్డగీతలతో ఒక గాడి ఉంటుంది. తుండం కొనను దానిపై రుద్ది అవి సన్నని ధ్వని చేస్తాయి. లింష్‌కోస్టియస్ తుండం అక్కడిదాకా చేరదు, ఆ గాడి కూడా ఉండదు.

గుర్తింపు ప్రయోజనం

నల్లి జాతి ఏదో తెలిస్తేనే దాని నివాసం తెలుస్తుంది, నివాసం తెలిస్తేనే నివారణ కుదురుతుంది. మధ్య అమెరికాలో రోడ్నియస్ ప్రోలిక్సస్ కేవలం ఇళ్లలోనే ఉండేది కాబట్టి ఇంటి గోడలపై క్రిమిసంహారక మందు చల్లడంతో దాన్ని అణచగలిగారు. వెనిజులాలో అదే జాతి చెట్లపైనా ఉండటం వల్ల మందు చల్లిన ఇళ్లలోకి తిరిగి చేరగలదు. అందువల్ల రంగును తొలి సూచనగా మాత్రమే తీసుకుని, శరీర నిర్మాణంతో సరిచూసి, సందేహం మిగిలిన చోట జన్యు పరీక్షతో నిర్ధారించుకోవడమే ఈ నల్లుల విషయంలో ఆధారపడదగిన పద్ధతి.