సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ: మూడు ఊళ్ళు, మూడు గుణాలు

దేశంలోని పెద్ద నగరాలను తలచుకుంటే ఒక్కొక్కదానికి ఒక్కొక్క గుణం కనబడుతుంది. ఢిల్లీ గద్దె ఊరు. ముంబై, కోల్‌కతా, చెన్నై ఓడరేవుల మీద పెరిగిన ఊళ్ళు. మన హైదరాబాదు 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించినది, నవాబులు పోయినా నవాబీ మర్యాద పోని ఊరు. ఈ సంగతులు మన పిల్లలు పరీక్షల్లో బాగానే రాస్తున్నారు. కాని తాము పుట్టిన సూర్యాపేటకో, కోదాడకో, మిర్యాలగూడకో ఆ గుణం ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే మన ముఖం చూస్తారు. అందుకని ఈ సంచికలో ఆ సంగతి కొంత రాయదలచినాము.

నిజాం కాలంలో జిల్లా కచేరీ నల్లగొండలో ఉండేది. సూర్యాపేట, మిర్యాలగూడ తాలూకా కేంద్రాలు. కోదాడ అదికూడా కాదు, హుజూర్‌నగర్ తాలూకాలో ఒక ఊరు మాత్రమే. అంటే ఈ మూడూ హుకుం చలాయించి పెద్దవైన ఊళ్ళు కావు. సూర్యాపేటను దారి పెంచింది. కోదాడను పొలిమేర పెంచింది. మిర్యాలగూడను కాలువ పెంచింది. 2011 జనగణన నాటికి సూర్యాపేట, మిర్యాలగూడ రెండూ లక్ష దాటినవి, కోదాడ అరవై వేల పైచిలుకుకు వచ్చింది.

సూర్యాపేటకు భానుపురి అని పాత పేరు. పక్కనే పిల్లలమర్రిలో కాకతీయుల నాటి గుళ్ళు, శాసనాలు ఉన్నవి. గోల్కొండనుంచి మచిలీపట్నం రేవుకు సరుకు పోయిన పాతకాలపు దారి మన ప్రాంతం మీదుగానే సాగేది. ఆ దారే ఇప్పుడు హైదరాబాదు-విజయవాడ హైవే. మొదట దాని నెంబరు 9, ఇప్పుడు 65. సూర్యాపేట ఈ రెండు నగరాలకు దాదాపు నడిమధ్య ఉన్నది. ఊరి అదృష్టమంతా ఇందులోనే ఉన్నదని మా అభిప్రాయం. హైదరాబాదులో బయలుదేరిన డ్రైవరుకు రెండు మూడు గంటలయ్యేసరికి చాయ్ కావాలి, ఇంజనుకు నీళ్ళు కావాలి, టైరుకు గాలి కావాలి. రైలు రాని ఊరు గనుక బస్సు, లారీలే దిక్కు. హోటళ్ళు, పంచరు షాపులు, కమాను పట్టీల దుకాణాలు, వెల్డింగు షెడ్లు, రేడియేటరు పనివాళ్ళు వరుసగా రోడ్డు పొడుగునా పుట్టుకొచ్చినారు. వారిలో మనవాళ్ళు ఎందరో సభ్యులకు చెప్పనక్కరలేదు.

నాలుగు వరుసల రోడ్డు వచ్చాక దూరపు బండ్లు ఊరి నడిబొడ్డు తొక్కకుండానే వెళ్ళిపోతున్నవి. స్థలం కొనగలిగినవాడు దుకాణాన్ని హైవే పక్కకు జరుపుకున్నాడు, కొనలేనివాడు పాత రోడ్డు మీదే కూర్చుని ఊళ్ళో ఆటోలకు పంచర్లు వేస్తున్నాడు.

ఈ ఊరికి ఇంకొక పేరు చెత్త వల్ల వచ్చింది. నవ్వకండి. 2003 ప్రాంతంలో మున్సిపల్ కమిషనరుగా ఉన్న ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ గారు వీధుల్లో చెత్తకుండీలు తీయించి, ఇంటింటికీ బండి పంపి, తడిచెత్త పొడిచెత్త వేరుచేయించి, ఎరువు తయారు చేయించినారు. దేశంలో పట్టణాల పారిశుద్ధ్యం గురించి రాసేవాళ్ళు సూర్యాపేటను ఉదాహరణగా చూపినారు.

ఇక కోదాడ. ఈ ఊరిని తెలుసుకోవాలంటే ముందు మునగాల సంగతి తెలియాలి. సూర్యాపేటనుంచి కోదాడకు పోయేటప్పుడు మధ్యలో మునగాల వస్తుంది. ఇప్పుడు బస్సులో కునుకు తీసేలోపు దాటిపోతాము. కాని చుట్టూ నిజాం రాజ్యమైనా మునగాల పరగణా ఇంగ్లీషువాళ్ళది, మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లా కింద ఉండేది. సముద్రంలో దీవి ఉన్నట్టు. అంటే సూర్యాపేటనుంచి బెజవాడ పోయేవాడు నిజాం ఇలాకా దాటి ఇంగ్లీషు ఇలాకాలో అడుగుపెట్టి, మళ్ళీ కోదాడ దగ్గర నిజాం ఇలాకాలోకి వచ్చి, జగ్గయ్యపేట వైపు మళ్ళీ దాటేవాడు. నిజాం సర్కారు సుంకాల శాఖను కరోడ్‌గిరి అనేవారు. రూపాయలు కూడా వేరే. ఇటు హాలీ సిక్కా, అటు కల్దారు. నూరు కల్దార్లకు దాదాపు నూట పదహారు హాలీ రూపాయలు. చదివింపుల్లో నూటపదహార్లు ఇక్కడినుంచే పుట్టినవని కొందరంటారు, అది నిజమో కాదో పండితులు తేల్చాలి.

చిన్నదైనా మునగాల చేసిన మేలు పెద్దది. అక్కడి రాజా నాయని వెంకట రంగారావు, దివాను కొమర్రాజు లక్ష్మణరావు పూనుకొన్నవారిలో ముఖ్యులు కాగా 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడినవి. మునగాల పరగణా 1959లో గాని నల్లగొండ జిల్లాలో కలవలేదు.

పొలిమేర ఊరికి లాభమూ ఉన్నది, గండమూ ఉన్నది. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం విజయవాడ వైపునుంచి వచ్చి పొద్దున్నే కోదాడ చేరింది, మధ్యాహ్నానికి మునగాల. వెనక్కు తగ్గుతున్న నిజాం సైనికులు సూర్యాపేట వద్ద వంతెన పేల్చివేసినారు. 17న అంతా ముగిసింది. అంతకుముందు రజాకార్లు పల్లెల్లో చేసిన దౌర్జన్యాలు చరిత్రలో ఉన్నవి, వాటిని కప్పిపుచ్చవలసిన పని మనకు లేదు. నిజాం సంస్థానంలో ఆ తరువాత ఏ పాపమూ ఎరుగని ముస్లిం కుటుంబాలు పడిన బాధ కూడా చరిత్రే. దాని మీద సుందర్‌లాల్ కమిటీ రాసిన నివేదిక 2013 దాకా అందరికీ అందుబాటులోకి రాలేదు. మన ఇళ్ళల్లో పెద్దలు ఆ రోజుల మాట ఎత్తితే గొంతు తగ్గించేవారు.

ఈ జిల్లాలో రైతు పక్షాన నిలబడి ప్రాణమిచ్చిన మొదటివారిలో ఒకడు కూడా ముస్లిమేనన్నది పిల్లలకు చెప్పాలి. అప్పుడు నల్లగొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకా కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ. తన భూమి కోసం దేశ్‌ముఖ్ మీద కోర్టుకెక్కి 1940లో హత్యకు గురైనాడు. 'మా భూమి' నాటకంలో ఆయన కథ ఉన్నది.

పోలీసు చర్య తరువాత కచేరీ భాషగా ఉర్దూ పోయింది. పోలీసులోనూ, కరోడ్‌గిరిలోనూ, కచేరీలోనూ నౌకరీ మీద బతికిన ఇళ్ళు చాలా ఖాళీ చేతులతో మిగిలినవి. తండ్రి కలం పట్టిన ఇంట్లో కొడుకు స్టీరింగు పట్టినాడు, మనుమడు స్పానరు పట్టినాడు. సూర్యాపేట షెడ్లలో మనవాళ్ళు ఎందుకు ఇందరున్నారంటే దానికి మూలం చాలావరకు ఇక్కడ ఉన్నది. ఏదో పుట్టుకతో వచ్చిన పని అన్నట్టు మాట్లాడేవారున్నారు. అది సరికాదు.

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు కోదాడ పొలిమేర పోయింది, 2014 జూన్ 2న మళ్ళీ వచ్చింది. చెక్‌పోస్టులు మళ్ళీ లేచినవి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు హైదరాబాదునుంచి సొంత ఊళ్ళకు పోయేవాళ్ళు ఈ సరిహద్దు దగ్గరే ఆగిపోయినారు. పొలిమేర అంటే ఏమిటో ఈ తరానికి అప్పుడు తెలిసింది.

మిర్యాలగూడ కథ నీళ్ళతో మొదలవుతుంది. కాలువకు ముందు ఇటు వానపైరు, చెరువు కింద కొంత వరి, మిగతా జొన్న, సజ్జ, ఆముదం. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగరుకు పునాదిరాయి వేసినారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలినారు. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ పేరు పెట్టినారు. ఆ నీళ్ళతో జొన్న చేలు మళ్ళైనవి, గుంటూరు, కృష్ణా వైపునుంచి రైతులు వచ్చి భూములు కొన్నారు, వడ్లు వచ్చినవి, వడ్ల వెంట మిల్లులు వచ్చినవి. వడ్లను నానబెట్టి, ఆవిరిపట్టి, ఆరబెట్టి ఉప్పుడు బియ్యం చేయటంలో మిర్యాలగూడ మిల్లులకు పెద్ద పేరు. ఊక బాయిలరుకు పోతుంది, తౌడు నూనెకు పోతుంది, ఏదీ వృథా పోదు. బీబీనగర్-నడికుడి రైలుమార్గం కూడా ఈ ఊరిమీదుగా పడటంతో సరుకు పోవటానికి రెండు దారులైనవి. హమాలీ పనికి ఇప్పుడు బీహారునుంచి కూడా మనుషులు వస్తున్నారు.

కాని కాలువ ఊరి గుండె కాలువలోనే ఉంటుంది. 2015-16లాంటి ఎద్దడి ఏళ్ళలో ఆయకట్టుకు నీళ్ళు లేక మిల్లులకు వడ్లు తగ్గినవి, మూట మోసేవాడి ఇంట్లో పొయ్యి మీద దాని దెబ్బ పడింది. 2024 ఆగస్టు ఆఖరున, సెప్టెంబర్ మొదటి రోజున అందుకు విరుద్ధం. కుండపోత వాన పడి నడిగూడెం మండలంలో ఎడమ కాలువకు గండి పడింది, కోదాడలో వీధులు మునిగి ప్రాణనష్టం కూడా జరిగింది.

2016 అక్టోబర్ 11న సూర్యాపేట జిల్లా అయింది. కోదాడ అందులోకి వెళ్ళింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. దారి ఊరు కూడా కచేరీ ఊరయింది. 2019లో సర్కారు మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. స్పానరు పట్టిన ఇళ్ళ పిల్లలు ఆ గేటు లోపలికి ఎందరు పోతారన్నదే ఇప్పుడు మన సొసైటీ సమావేశాల్లో జరగవలసిన లెక్క. దూదేకుల ఇళ్ళ సంగతి ఇంకా కష్టం. ఏకేటి విల్లు టంగుమని మోగితే వీధి పిల్లలంతా మూగేవాళ్ళు. మిషను వచ్చి విల్లును తీసేసింది, ఫోం పరుపు వచ్చి మిషనును తీసేసింది.

జిల్లాలు వేరైనా ఈ మూడు ఊళ్ళ జనం జనవరిలో ఒకచోట కలుస్తారు. నేరేడుచర్ల దాటి జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు. అక్కడికి వచ్చేవారిలో హిందువులు ఎక్కువా, ముస్లింలు ఎక్కువా అని లెక్కపెట్టబోతే తేలదు. మొక్కుకుని పుట్టిన పిల్లలకు అక్కడి సైదులు పేరే పెట్టుకుంటారు. అందుకే ఈ ప్రాంతపు ఓటర్ల జాబితా తిరగేస్తే సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి, సైదా పేజీ పేజీకీ తగులుతారు. తండ్రి పేరు కూడా చదివితేగాని ఎవరు ఏ ఇంటివారో చెప్పలేము.