అటకపై సరస్వతి: ఉద్దాన తీరంలో గృహగ్రంథ సంరక్షణ

‘గ్రంథ’ శబ్దానికి మూలార్థం ముడివేయబడినది, కూర్చబడినది. ‘సూత్ర’ శబ్దానికి మూలార్థం దారం. పుస్తకాన్నీ శాస్త్రవాక్యాన్నీ తెలిపే ఈ రెండు మాటలూ ఒక మూటనే స్ఫురింపజేస్తాయి: ఆకుల దొంతర, వాటిని గుచ్చిన త్రాడు, చివర ఒక ముడి. మన ఇళ్లలో పుస్తకం బీరువా అరలో నిలువుగా నిలబడటం ముద్రణాలయాలు వచ్చిన తర్వాతి మాట. అంతకు పూర్వం శతాబ్దాలపాటు అది కట్టబడి, శయనించి ఉన్నది. గృహస్థుని నుండి మూరెడు చోటును మాత్రమే కోరింది.

ఈ విషయం శ్రీకాకుళ మండలపు ఉత్తర తీరంలో చక్కగా బోధపడుతుంది. పలాస, టెక్కలి మొదలుకొని మందస, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వరకు ఒక వైపు మహేంద్రగిరి శ్రేణి, మరొక వైపు సముద్రం. నడుమ కొబ్బరి, జీడి, పనస తోటలు. ఉద్యానవనమే ఉద్దానమైందని పెద్దలు చెప్పే వ్యుత్పత్తి ఆ తోటలను చూచినవారికి సహజంగానే తోస్తుంది. అయితే ఇది గాలివానల తీరం కూడా. ఇక్కడి గృహనిర్మాణమంతా గాలికి సమాధానంగా ఏర్పడినది. గ్రంథాన్ని దాచుకొనే పద్ధతి ఆ గృహం నుండే పుట్టింది.

తాటాకు కంటే ముందు లోహాన్ని గురించి ఒక మాట. తూర్పు గాంగులు కళింగనగరం నుండి, అంటే నేటి శ్రీముఖలింగం నుండి, ఇచ్చిన దానాలకు తామ్రశాసనాలు వ్రాయించేవారు. టెక్కలి పేరుతోనే పురాలిపి శాస్త్రజ్ఞులు వ్యవహరించే తామ్రఫలకాలు ఒకటికి మించి ఉన్నాయి. సాధారణంగా మూడు రేకులు, వాటి అంచున రంధ్రం, రంధ్రంలో కడియం, కడియంపై రాజముద్ర. రేకులను విప్పి తిప్పి చదువవచ్చు. ముద్రను భేదించకుండా మధ్యలో కొత్త రేకును చొప్పించడం మాత్రం సాధ్యం కాదు. నేటి కార్యాలయాలలోని రింగు ఫైలుకు ఈ రక్షణ లేదు! రాజు ఇచ్చిన అగ్రహారానికి సాక్ష్యం ఇంత చిన్న కట్టగా ప్రతిగ్రహీత ఇంట ఉండేది. విపత్తు వచ్చినప్పుడు దానిని భూమిలో పాతిపెట్టారు కాబట్టే ఇటువంటి ఫలకాలు పొలం దున్నేటప్పుడో పునాది తవ్వేటప్పుడో మళ్లీ వెలుగు చూస్తుంటాయి. రాజులు తామే శాశ్వతంగా నిలుపుకోదలచినవాటిని ముఖలింగాలయ శిలలపై చెక్కించారు. గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) తన స్వయంకృషితో చదివినవి ఆ శాసనాలనే.

రాగిరేకు రాజులకు, శిల దేవాలయానికి. సామాన్య పండితునికి, పురోహితునికి, పురాణ శ్రోతకు మిగిలినది తాటాకు. ఇంటి కప్పూ పుస్తకమూ ఒకే వృక్షజాతి నుండి రావడం ఈ తీరంలోని విశేషం. ముదిరిన ఆకు ఇంటిని కప్పుతుంది. లేత ఆకు ఉడికి, ఆరి, నునుపు తేలి గంటానికి సిద్ధమవుతుంది. శ్రీతాళపత్రం మరింత పలుచన, మరింత మెత్తన. ఆకుపై గంటంతో గీచి, దీపపు మసిని నూనెలోనో ఆకు పసరులోనో కలిపి రుద్దితే గాడిలో నలుపు నిలుస్తుంది, పైది తుడుచుకుపోతుంది. ఇరువైపులా రెండు కొయ్య పలకలు, చుట్టూ త్రాడు, దానిపై ఎర్రని లేక పసుపు పచ్చని వస్త్రం. అడుగు, అడుగున్నర పొడవు, రెండంగుళాల వెడల్పు గల ఆ కట్టలో ఒక మహాకావ్యం ఇమిడిపోతుంది.

ఆ ఇమడటంలో లేఖకుని నేర్పు ఎంతో ఉన్నది. పద్యాన్ని పాదాలుగా విరిచి వ్రాయడం ముద్రణ ఇచ్చిన విలాసం. తాళపత్రంపై పద్యమైనా వచనమైనా ఎడం లేకుండా అంచు నుండి అంచు వరకు సాగిపోతుంది. పదానికీ పదానికీ నడుమ ఖాళీ ఉండదు. ఒకే కట్టలో ఒక స్తోత్రం, ఒక వ్రతకల్పం, కొంత జ్యోతిషం, ఒక శతకం కలిసి ఉండటం సర్వసాధారణం. 32 అక్షరాలను ఒక ‘గ్రంథం’గా లెక్కించి రచన పరిమాణాన్ని కొలిచేవారు. ఆ లెక్కమీదనే లేఖకుని శ్రమకు ప్రతిఫలమూ నిర్ణయమయ్యేది.

వాస్తవానికి సంక్షేపం ఆకుతో మొదలైనది కాదు. బ్రహ్మసూత్రాలు శంకర సంప్రదాయంలో 555, రామానుజ సంప్రదాయంలో 545. సమస్తోపనిషద్విచారం అంత చిన్న రాశిలో ఒదిగినది. అర్ధమాత్ర లాఘవం కలిగితే వైయాకరణులు పుత్రోత్సవం చేసుకొంటారన్న ప్రసిద్ధోక్తిని హాస్యంగా మాత్రమే తీసుకోరాదు. శాస్త్రం మొదట నివసించినది శిష్యుని బుద్ధిలో. అక్కడ చోటు అపారం, కాని ధారణకు శ్రమ ఉన్నది. వేదం అంగుళమైనా ఆక్రమించకుండా కోట్ల ఇళ్లు దాటి వచ్చింది. వ్రాతప్రతి ఆ ధారణకు సాక్షిగా, సందేహ నివృత్తికి ఆధారంగా వచ్చినదే గాని దానికి బదులుగా వచ్చినది కాదు.

ఇక ఆ కట్ట ఇంటిలో ఎక్కడ ఉండేది? తీరగ్రామాలలోని చుట్టిల్లును చూడాలి. గుండ్రని మట్టిగోడ, దానిపై శంఖాకారపు తాటాకు కప్పు. మూలలు లేని ఇంటిని గాలి పట్టుకోలేదు. కాని మూలలు లేని ఇంటిలో పెట్టె పెట్టడానికీ తావు తక్కువే. అందువలన వస్తువులన్నీ పైకి పోతాయి: ఉట్టికి, వాసాలకు, అటకకు. గోడకు గోడ ఆనుకొని వరుసగా సాగే ఊరి ఇళ్లలో సమస్య మరొక రూపంలో ఉంటుంది. వీధి నుండి దొడ్డి వరకు పొడవు ఉన్నా వెడల్పు కొద్ది. అక్కడా గోడలోనే తొలిచిన గూడు, తలపైని అటక, నేలపై భోషాణం. పగలు కూర్చోవడానికీ రాత్రి పడుకోవడానికీ పనికివచ్చే ఆ భోషాణపు గర్భంలో ధాన్యమో పాత్రలో వస్త్రాలో గ్రంథాలో ఉండేవి. వ్యాసపీఠం మరొక చమత్కారం. ఒకే పలకను నేర్పుగా కోసి, రెండు రెక్కలుగా విప్పితే పుస్తకానికి సింహాసనం. మూస్తే గోడకు ఆనించే చెక్క ముక్క.

అటకలన్నింటిలోనూ గ్రంథానికి ఉత్తమమైనది వంటింటి పైది. పుస్తకం దేవుని గూటిలో ఉండాలిగాని పొయ్యిమీద ఏమిటని నేటివారికి అనిపించవచ్చు. కాని సముద్రపు తేమ ఆకుకు బూజు పట్టిస్తుంది. పురుగు దొలుస్తుంది, చెద తింటుంది. ప్రతిదినం రెండు పూటలా లేచే పొయ్యి పొగ తేమను ఆర్చుతుంది, పురుగును తరుముతుంది. కట్టలో పెట్టిన వస కొమ్ము, వేపాకు మిగిలిన పని చేస్తాయి. గృహిణి అన్నం వండుతూ, ఆ పనిలోనే, తెలియకుండా ఒక గ్రంథాలయాన్ని కాపాడింది. ఆ సేవను ఏ పుష్పికలోనూ లేఖకులు నమోదు చేయలేదు. నూనె, నీరు, వదులైన కట్టు, మూర్ఖుని చేయి, వీటినుండి పుస్తకాన్ని రక్షించమని ప్రార్థించిన ఆ లేఖకులు, పొయ్యి ముందు కూర్చున్న రక్షకురాలిని పేర్కొనకపోవడం న్యాయం కాదు.

పొగకు తోడు ఏటికొక పర్వదినం. శరన్నవరాత్రులలో మూలా నక్షత్రం నాడు కట్టలు క్రిందికి దిగుతాయి. దుమ్ము దులిపి, విప్పి, గాలి సోకించి, పూజలో పెడతారు. వానాకాలం ముగిసే సమయంలో ఈ పూజ రావడం వలన తేమ తగిలిన ఆకు తిరిగి ఆరుతుంది. భక్తీ సంరక్షణ శాస్త్రమూ ఇక్కడ ఒకే క్రియలో కలిసి ఉన్నాయి. అంతకంటె గొప్ప రక్షణ అధ్యయనం. మందసలో వాసుదేవ పెరుమాళ్ల ఆలయం విశిష్టాద్వైత విద్యకు ప్రసిద్ధ స్థానం. శ్రీభాష్యాధ్యయనానికై దూరదేశాల నుండి జిజ్ఞాసువులు అక్కడికి వచ్చారనీ, పెద్దజీయరుగా విఖ్యాతులైన శ్రీమన్నారాయణ రామానుజ జీయరు స్వామి కూడా వారిలో ఒకరనీ వైష్ణవ సంప్రదాయం చెబుతుంది. కాలక్షేపం జరిగే ఇంట కట్ట అటకపై ఎక్కువ రోజులు ఉండదు. అది దిగుతూ, విప్పుకొంటూ, మరొక ప్రతిగా మారుతూ ఉంటుంది. జీర్ణమైన ప్రతికి బదులు కొత్తది వచ్చిన తర్వాతనే పాతదానిని పుణ్యనదిలో విడిచేవారు.

ఈ వ్యవస్థ ఒక్కసారిగా కూలలేదు. 1854లో చెన్నపట్టణంలో వావిళ్ల రామస్వామి శాస్త్రులు స్థాపించిన ముద్రణాలయం, దానివంటి మరికొన్ని, సంస్కృతాంధ్ర గ్రంథాలను అచ్చువేసి ఇంటింటికి చేర్చాయి. అది మహోపకారం, సందేహం లేదు. కాని అచ్చుప్రతి దొరికిన పిమ్మట కొత్త తాళపత్రప్రతి వ్రాసే అవసరం తీరింది. పాతదాన్ని నదిలో విడిచే ఆచారం మాత్రం మిగిలింది. తర్వాత గ్యాసు పొయ్యి వచ్చి పొగ పోయింది. స్త్రీల కళ్లకూ ఊపిరితిత్తులకూ అది మేలే. పెంకుటింటికి బదులు సిమెంటు కప్పు వచ్చి, అటక విరిగిన కుర్చీలకూ పాత సైకిలు చక్రాలకూ నిలయమైంది. కట్ట ఇంట ఉన్నా, దానిని చదివేవారు తగ్గిపోయారు. 2003లో భారత ప్రభుత్వం జాతీయ లిఖితప్రతుల మిషన్‌ను ఆరంభించేనాటికి దేశమంతటా ఇదే స్థితి. తాళపత్రాలను ఇంటి నుండి వెళ్లగొట్టినది స్థలాభావం కాదు. మునుపటికంటె విశాలమైన ఇళ్లలోనే వాటికి తావు లేకుండా పోయింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటింది. శరన్నవరాత్రులు ఆరంభమైన మరునాడే అది. మూలా నక్షత్రం ఇంకా కొద్ది దినాల దూరంలో ఉన్నది. ఉద్దానంలో తరాలు పెంచిన కొబ్బరి, జీడి తోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. కప్పులు లేచిపోయాయి. సరస్వతీ పూజకు పుస్తకాలను దించవలసిన వారంలో అటకలపైకి ఆకాశం దిగింది.

తడిసిన అచ్చుపుస్తకపు పుటలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, విడదీస్తే చిరుగుతాయి. తాళపత్రాన్ని త్వరగా విప్పి, ఆకు ఆకునూ నీడలో ఆరబెట్టి, నిమ్మగడ్డి నూనె తగుమాత్రం పూస్తే చాలావరకు నిలబడుతుంది. మసి కడుక్కుపోయినా అక్షరం పోదు, ఎందుకంటే అది ఆకులోనే గాడిగా ఉన్నది. మళ్లీ మసి రుద్ది తుడిస్తే, రెండు మూడు వందల సంవత్సరాల క్రితం గంటం నడిచిన మార్గమంతా తిరిగి నల్లగా తేలుతుంది. ఆ పనికి కావలసినవి గుప్పెడు మసి, కాస్త నూనె, ఒక గుడ్డపీలిక. ఆపైన ఆ లిపిని చదవగల ఒక మనిషి.