స్కీ కథ – కట్టె నుండి ప్లాస్టిక్ దాకా

'స్కీ' శబ్దానికి మూలం ప్రాచీన నార్స్ భాషలోని 'స్కీద్'. చీల్చిన కట్టె అని అర్థం. మంచుపై పరుగెత్తే స్నోమొబైల్‌ను ముందుండి మలిపే పాదాలు ఈ స్కీలే.

ఆ వాహన చరిత్రలో ఒక పుత్రశోకం ఉంది. కెనడాలోని క్వెబెక్ రాష్ట్రంలో వాల్‌కూర్ అనే ఊరు. 1934 శీతకాలంలో అక్కడి మెకానిక్ జోసెఫ్ అర్మాండ్ బొంబార్దియే గారి రెండేళ్ళ కుమారుడికి అపెండిసైటిస్ ముదిరింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయాయి. ఆయన తయారుచేస్తున్న మంచుబండి ఇంకా నడిచే స్థితికి రాలేదు. బిడ్డ దక్కలేదు.

ఆయన పని మానలేదు. 1937లో బండిని నడిపే పట్టా యంత్రానికి పేటెంటు పొందారు. 1959లో 'స్కీ-డూ' అనే చిన్నబండిని వెలువరించారు. దాని తొలి స్కీలు కట్టెవే! శబ్దార్థం సార్థకమైందని ఈ తెలుగు పంతులు ముచ్చటపడ్డాడు. తరువాత ఉక్కు, ఆపైన ప్లాస్టిక్ వచ్చాయి.

అరిగిన స్కీ మార్చబోయేవారికి అసలు చిక్కు వేరు. గట్టిబాటపై మలుపు తిరగాలంటే స్కీ అడుగున లోతైన వెన్ను, దానికి కార్బైడ్ పొదిగిన ఉక్కుకడ్డీ ఉండాలి. అది మంచును కరచి పట్టుకుంటుంది. బాట విడిచి మెత్తని మంచులో దిగితే ఇరుకు స్కీ కూరుకుపోతుంది. అక్కడ తేల్చేది వెడల్పే. అయితే మరీ వెడల్పైతే బాటపై హ్యాండిల్ బరువెక్కుతుంది. రెండుచోట్లా తిరిగేవారికి మధ్యరకం వెడల్పే మేలని, మంచు ఎరుగని నేలవాడినైనా, నాకు తోస్తుంది. కొనేముందు తమ బండికి సరిపడే బిగింపు సామాను దొరుకుతుందో లేదో చూసుకోవాలి. లేకుంటే ఎంత మంచి స్కీ అయినా కొట్టంలోనే మూలపడుతుంది.