మోటుపల్లి అభయశాసనము: కౢప్తశుల్కము

మోటుపల్లి శాసనమును గూర్చి చరిత్రకారులు పలువురు వ్రాసియున్నారు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి ఔదార్యమునకు, ఆంధ్రదేశపు సముద్రవ్యాపార వైభవమునకు దానిని నిదర్శనముగా చూపుట పరిపాటి. ఈ రెండును కాదనదగినవి కావు. కాని ఆ శాసనమును వర్తకుని దృష్టితో చదివినచో మఱియొక విశేషము గోచరించును. దానిని నిరూపించుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

మోటుపల్లి నేడు బాపట్ల జిల్లాలో సముద్రతీరమున నున్న చిన్న గ్రామము. అచ్చటి వీరభద్రాలయమున ఒక స్తంభముపై ఈ శాసనము చెక్కబడినది. కాలము శకవర్షము 1166, అనగా క్రీ.శ. 1244-45. భాష సంస్కృతము, తెలుగు.

శాసన సారాంశమిది. ద్వీపాంతరములకు పోవచ్చు ఓడలు తుపానునకు చిక్కి, పగిలి, గమ్యము కాని రేవున ఒరిగినపుడు, అందలి బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగు వానిని పూర్వరాజులు బలిమితో గైకొనుచుండిరి. ప్రాణములకంటె ధనమే మిన్నయని తలచి సముద్రయాన సాహసమునకు పూనుకొను వర్తకులయెడ దయతోను, కీర్తికొఱకును, ధర్మముకొఱకును, కౢప్తశుల్కము దక్క తక్కినదంతయు విడిచితిమని గణపతిదేవుడు అభయమొసగెను. ఎగుమతి దిగుమతులపై ఆ శుల్కము ముప్పదింట ఒకటి. పిదప చందనము, కర్పూరము, చీనకర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, పగడములు, రాగి, సీసము, పట్టు, మిరియాలు, పోకలు మొదలగు సరుకులకు సుంకములు పేర్కొనబడినవి.

ఇందు 'కౢప్త' శబ్దము విచారింపదగినది. నేడు మనము క్లుప్తమను మాటను సంక్షేపార్థమున వాడుచున్నాము. ఆ యర్థమును బట్టి దీనిని స్వల్పశుల్కమని తలచుట పొరపాటు. సంస్కృతమున కౢప్తమనగా ఏర్పఱుపబడినది, నియతమైనది. కావున రాజు వాగ్దానము చేసినది పన్ను తగ్గింపు మాత్రమే కాదు. పన్ను ఇంతయని ముందుగా తెలియుట.

ఈ భేదము వర్తకునకు ప్రాణప్రదము. 300 మాడల సరుకు తెచ్చువాడు 10 మాడలు సుంకమునకు కేటాయించి, మిగిలిన దానిపై ధర నిర్ణయించుకొనవచ్చును. అప్పు తీర్చు గడువును చెప్పవచ్చును. భాగస్వాములకు లాభము పంచవచ్చును. ఒరిగిన ఓడను రాజు గైకొను ఆచారమున్నచోట సుంకమెంత స్వల్పమైనను ఈ లెక్క నిలువదు. న్యాయతః ఆ అపహరణము పన్ను కాదు. కాని వర్తకుని చిట్టాలో అన్ని పన్నులకంటె అదియే పెద్దది. పన్ను నిశ్చితముగా నుండవలెనని ఆడమ్ స్మిత్ 1776లో సూత్రీకరించిన ధర్మమును ఐదు శతాబ్దములకు పూర్వమే ఈ రాతిస్తంభము ఆచరణమున చూపినది.

రాజునకు ఇందు స్వలాభము లేకపోలేదు. గైకొన్న ఓడ ఒక్కసారియే ధనమిచ్చును. తిరిగివచ్చు ఓడ ఏటేట సుంకమిచ్చును. దయయు, రాజనీతియు ఇచ్చట పరస్పర విరుద్ధములు కావు.

అయినను రాజవాక్యము రాజ్యముతోపాటు నశించునది. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట వర్తకులకు పూచీ ఏది? కావుననే 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి మోటుపల్లిలో మఱల అభయశాసనము వేయింపవలసివచ్చెను. వర్తకులు స్వేచ్ఛగా వచ్చిపోవచ్చుననియు, తమ సరుకును ఇష్టమైనవారికి అమ్ముకొనవచ్చుననియు, బంగారు వెండులపై సుంకము లేదనియు అతడు ప్రకటించెను. సంతానములేని వర్తకుని సొత్తును రాజు గైకొను అపుత్రికమును సైతము మాన్పెను. తొలి శాసనము ఓడకు అభయమీయగా, ఇది వర్తకుని మరణానంతరమున ఆతని ఆస్తికిని అభయమిచ్చినది. శ్రీనాథుని హరవిలాసమునకు కృతిభర్తయైన అవచి తిప్పయసెట్టి వంటి మహావర్తకులు రెడ్డిరాజుల కాలమున వర్ధిల్లుటను ఈ నేపథ్యమున చూడవలెను.

ఒక పరిమితిని గుర్తింపక తప్పదు. గణపతిదేవుని అభయము సముద్రవర్తకులకే. సంతలో గంప దింపుకొను చిఱువ్యాపారి ప్రసక్తి ఇందు లేదు. ఓడ నష్టపోయినను మిగులుబాటు గలవానికంటె, ఒక్క గంపయే మూలధనమైనవానికి నియతి మిక్కిలి అవసరము. సుంకముల ప్రసక్తి గల శాసనములను పరిశోధించు విద్యార్థులు పన్ను ఎంతయని మాత్రమే గాక, అది ముందుగా తెలిసినదా, ఎవరికి తెలిసినదా అనియు ప్రశ్నింతురు గాక. నేటి చిన్న దుకాణదారుడు సంవత్సరారంభమున తన లెక్కల పుస్తకము తెఱచి వేసికొను మొదటి ప్రశ్నయు అదియే.